సానపట్టి వెళ్ళిన దొంగ

దొంగ ఎత్తుకుపోయిన సరుకుల జాబితాలు ఇన్సూరెన్సు కంపెనీలో ఇరవై ఆరేళ్ళు రాశాను. దొంగ వచ్చి బాగుచేసి పోయిన సరుకుల జాబితా రాయడం మాత్రం ఆ ఆదివారమే మొదలు.

నాలుగుంపావుకి ఫోన్ మోగింది. అటువైపు మా ఊరి వడ్రంగి కురామొచి తాత. “చంపేశారమ్మా కినుయె! ముప్ఫై ఏళ్ళు కన్నబిడ్డలా చూసుకున్నానే! బకెట్టు నీళ్ళలో ముంచి చంపేశారు!” అని నన్ను పేరుపెట్టి పిలుస్తూ ఒకటే శోకాలు. ఆయన ఇంట్లో ఆయన తప్ప ఇంకో ప్రాణి లేదన్న సంగతి కూడా నాకు తట్టలేదు. యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళేసుకుని నాలుగు సందులు దాటి ఉరికాను. తీరా చూస్తే శవం జానెడు పొడుగుంది. రెండు ముక్కలై ఉంది. అది సానరాయి.

నవ్వొచ్చింది గానీ తాత మొహం చూసి మింగేశాను. అది మామూలు రాయి కాదు. కొండలోంచి తవ్వి తీసిన మెరుగురాయి, ఆయన గురువు పోతూపోతూ చేతిలో పెట్టింది. గరుకురాళ్ళని బకెట్టులో నానబెడతారు. మెరుగురాయి మీద మాత్రం నాలుగు చుక్కలు చిలకరించి, పనయ్యాక తుడిచి, గుడ్డ చుట్టి అలమరలో పెడతారు. నీళ్ళలో వదిలేస్తే పొరల్లోకి నీరు దిగి పగులుతుంది. మా కాజిచో పేటలో పాలపళ్ళ పిల్లాడికి కూడా ఈ సంగతి తెలుసు.

“ఇదొక్కటేనా, ఇంకేమైనా పోయాయా తాతా?”

“పోవడమా! అటు చూడు!” అని తాత గోడ చూపించాడు.

ఇంటి వెనక పంచలో ఆయన పనిగది. రెండేళ్ళ నుంచీ కుడి మణికట్టు నొప్పితో తాత సానరాయి ముట్టుకోలేదు. పనిముట్లన్నీ మొద్దుబారి, తుప్పు మచ్చలు పట్టి, ఆయన లాగే గోడకి ఆనుకుని కూర్చునేవి. ఇప్పుడు ఐదు చిత్రికలు, తొమ్మిది ఉలులు, పద్నాలుగింటికి పద్నాలుగూ పెళ్ళికొడుకుల్లా మెరిసిపోతున్నాయి. ఒక ఉలి తీసుకుని ముంజేతి మీద ఆనించాను. వెంట్రుకలు చప్పుడు లేకుండా రాలాయి.

“రెండింటికి స్నానశాలకి వెళ్ళాను. నాలుగూ పదికి వచ్చాను. వచ్చేసరికి ఇదీ వరస,” అన్నాడు తాత.

“ఈ కథే నాక్కూడా చెప్పారు,” అని వెనక నుంచి గొంతు వినిపించింది.

నెజు సార్జెంటు. ముప్ఫై నాలుగేళ్ళవాడు. పెద్దనగరం నుంచి మా ఊరికి బదిలీ అయి వచ్చి ఏడాదైంది. పనిముట్ల గాట్లు చూసి నేరం పట్టే విద్యలో మూడు రోజుల శిక్షణ పొందాడు. ఆ మూడు రోజుల గురించి ఏడాదిగా చెబుతున్నాడు. నేను ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నానని అతనికి ఒళ్ళుమంట. నా దగ్గరికొచ్చేవి ఎక్కువగా పెళ్ళి సంబంధాల వాకబులూ, తప్పిపోయిన పిల్లులూ.

“ఇక్కడ పిల్లేమీ తప్పిపోలేదే మేడమ్?”

“తప్పిపోయింది నీ తెలివి నాయనా. అది వెతకడానికొచ్చాను.”

అతను నవ్వలేదు. జేబులోంచి ఫోటో తీసి చూపించాడు. దాంతో నా నవ్వు కూడా పోయింది.

సంగతేమిటంటే, ముందురోజు, శనివారం, ఉత్సవం మొదటి పూట మా వీధి రథానికి మూడో చక్రం ఊడిపోయింది. రథం ఒరిగి నూడుల్స్ దుకాణం మీద వాలింది. పూజారిగారి టోపీ ఎగిరి వేడి పెనం మీద పడి బాగా వేగింది. అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బ తగల్లేదు. చూస్తే చక్రం జారకుండా ఇరుసుకి దిగ్గొట్టే కడచీలని ఎవరో చిత్రిక పట్టి సన్నం చేసి ఉన్నారు. ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆ రథం వడ్రంగి కురామొచి తాతే. చీలలు చెక్కేది ఆయనే, దాచేది ఆయన పనిగదిలోనే. రాత్రి ఎనిమిది గంటలకి ఉత్సవ సంఘం సమావేశం. అందులో తాతని రథం పని నుంచి తప్పిస్తారని ఊరంతా గుప్పుమంది. భార్య పోయాక ఆయనకి ఈ లోకంలో మిగిలింది ఆ రథం ఒక్కటే. అది తీసేస్తే తాత వచ్చే ఉత్సవం చూడడు. ఇది నా మాట కాదు, ఆయనకి మందులిచ్చే డాక్టరు మాట.

“చీల మీద ఈ గీత చూడండి,” అన్నాడు సార్జెంటు. ఫోటోలో చెక్క మీద సన్నటి గట్టు ఒకటి పొడుగునా ఉంది. “చిత్రిక వాదరకి, అదే పదునంచుకి, నొక్కు పడితే చెక్క మీద ఇలా గట్టు మిగులుతుంది. అంటే నొక్కుపడ్డ చిత్రిక దొరికితే నేరస్తుడు దొరికినట్టే. నాలుగూ ఇరవైకి ఈయన చిత్రికలు తీసుకెళ్దామని వచ్చాను. వచ్చేసరికి అన్నీ అద్దాల్లా ఉన్నాయి. రెండేళ్ళు మొద్దుగా పడున్నవాటికి ఈరోజే, ఈ పూటే సానపట్టాలా? సాక్ష్యం రుద్ది పారేసి, దొంగొచ్చి సానపట్టాడని కథ! నవ్విపోతారు మేడమ్.”

“నేను పట్టలేదయ్యా!” అన్నాడు తాత. “పట్టగలిగితే నీకు చెప్పి, నీ ముందరే పట్టేవాణ్ణి!”

“ఏం నాయనా, నీకు లెక్కలొచ్చా?” అన్నాను.

“వచ్చు.”

“రెండేళ్ళ మొద్దు చిత్రికకి ఎంత చెయ్యి తిరిగినవాడికైనా ఇరవై అయిదు నిమిషాలు. ఉలికి పావుగంట. ఐదు చిత్రికలు, తొమ్మిది ఉలులు. ఎంతయింది?”

పాపం, ఫోన్ తీసి నొక్కాడు. “రెండు వందల అరవై నిమిషాలు.”

“తాత బయట ఉన్నది నూట ముప్ఫై నిమిషాలు. స్నానశాలలో టిక్కెట్లు చింపేది మా పిన్నత్తే, అడిగి చూడు. నాలుగింటిదాకా నీళ్ళ తొట్టిలో కూర్చుని పాత పాటలు పాడి అందరి ప్రాణాలూ తీశాడని పదిమంది సాక్ష్యం చెబుతారు. మరి సగం టైములో, నొప్పి చేత్తో, ఒక్కడే ఎలా పట్టాడు?”

“తోడు ఎవరో ఉండి ఉంటారు.”

“అబ్బ, దారిలో పడ్డావు! ఆ తోడెవరో చూద్దాం పద. బూట్లు పక్కకి తీసి నడువు, సాక్ష్యం తొక్కుతున్నావు.”

నేల మీద సానబురద ఇంకా తడారలేదు. మా ఊళ్ళో నేల మీద పీట వేసుకుని, ఎదురుగా నీటి పలక పెట్టుకుని సానపడతారు. నల్లటి నీరు పలక మీంచి జారి ఎటు కారిందో చూస్తే మనిషి ఎటు వాలాడో తెలిసిపోతుంది. అక్కడ మూడు చోట్ల తడి ఉంది. ఒకచోట నీరు కుడికి కారింది. దాని ఎదురుగా ఇంకోచోట ఎడమకి కారింది. ఆ రెండుచోట్లా పీట చుట్టూ శుభ్రంగా తుడిచి ఉంది. మూడోచోట మాత్రం గేదె పొర్లినట్టు నాలుగు పక్కలా బురదే.

“ముగ్గురు,” అన్నాను. “ఒకరు కుడిచేతివాటం, ఒకరు ఎడమచేతివాటం. ఇద్దరూ తాత దగ్గర నేర్చుకున్నవాళ్ళే. మూడోది మనిషి కాదు, గాలివాన.”

తర్వాత వాదరలు చూశాను. పదమూడు పనిముట్ల ఏటవాలు ముఖాలు బల్లపరుపుగా ఉన్నాయి. వెనక్కి తిప్పితే ప్రతిదానికీ ఒక్క చుక్క నూనె రాసి ఉంది. పద్నాలుగోది అరచేతిలో ఇమిడే చిన్న చిత్రిక. దాని ఇనుప నాలుక పడవ అడుగులా గుండ్రంగా అరిగిపోయింది. గరుకురాయి గీతలు పోనేలేదు. నూనె రాయకపోవడంతో అప్పుడే ఎర్రటి తుప్పు చుక్కలు తేలుతున్నాయి. అన్నిటికంటే ముఖ్యం, వాదర బియ్యపుగింజంత పొట్టిదైంది. ఊరికే పదును పెట్టడానికి ఎవరూ అంత అరగదీయరు.

“చూశావా? నొక్కు ఇందులోనే ఉండేది. అది పోయేదాకా రుద్దాడు. మిగతా పదమూడూ పదునుకి పట్టారు, ఇది మాత్రం దాచడానికి పట్టారు.”

“ఆ చిన్నదాన్ని ఎవరి చేతికీ ఇవ్వను,” అన్నాడు తాత నెమ్మదిగా. “చిత్రిక అరువివ్వడమూ, పళ్ళు తోముకునే బ్రష్షు అరువివ్వడమూ ఒకటే.”

“మీరు ఇవ్వలేదు తాతా. అడక్కుండానే తీశారు.”

అప్పుడే పెరటి తలుపు సందులోంచి వాసనొచ్చింది. ఎర్రచిక్కుళ్ళు వేసి వండిన జిగురన్నం. పండక్కీ పుట్టినరోజుకీ తప్ప మావాళ్ళు అది వండరు. నేను గొంతు పెంచాను. “కోహెయ్! నువ్వూ నీ పెళ్ళామూ కంచె వెనక ఎంతసేపు కూర్చుంటారు? అన్నం చల్లారిపోతోంది, రండి లోపలికి!”

కంచె కదిలింది. ముందు ఒక పెద్ద పొట్ట వచ్చింది, వెనకే దాని యజమాని కోహెయ్, తాత దగ్గర పదకొండేళ్ళు పనిచేసిన శిష్యుడు. ఇప్పుడు సొంతంగా తలుపులు చేస్తాడు. వెనక అతని భార్య తామయె, ఆవిడా తాత దగ్గరే పని నేర్చింది, ఎడం చేత్తో అన్నం గిన్నె, చంకలో ఊదారంగు పట్టు చొక్కా. తాతకి ఆరోజుతో డెబ్భై ఏడు నిండాయి. డెబ్భై ఏడుకి ఊదారంగు తొడిగించడం మా ఆచారం. తాతకి తన పుట్టినరోజు తనకే గుర్తులేదు.

కోహెయ్ వచ్చీరావడంతోనే నేల మీద మోకరిల్లి నుదురు ఆనించాడు. “తప్పయిపోయింది గురువుగారూ! మీ పనిముట్లు మిమ్మల్ని అడక్కుండా ముట్టుకున్నాం!”

“ముట్టుకున్నాం అని ఏడవకండి, బాగుచేశాం అని చెప్పండి,” అంది తామయె. “అడిగితే ఇస్తారా ఈయన? కిందటేడు అడిగితే సుత్తి విసిరారు. ఇప్పటికీ మా తలుపుకి సొట్ట ఉంది.”

శిష్యుడు గురువు వాదర ముట్టుకుంటే ఆ పూటే మూటాముల్లే సర్దుకోవాలి, అదీ మా వడ్రంగుల రివాజు. అందుకే ఇద్దరూ సాయంత్రం దాకా కంచె వెనక వణుకుతూ కూర్చున్నారు. పైగా లోపల పోలీసు టోపీ కనిపించిందట.

“సరే, ఇద్దరూ ఒప్పుకున్నారు,” అన్నాడు సార్జెంటు. చేతికి ప్లాస్టిక్ సంచి తగిలించుకున్నాడు. “సాక్ష్యం నాశనం చేసిన నేరానికి...”

“ఆగు నాయనా, సంచి మడిచి పెట్టు. కోహెయ్, మూడోవాడెవడు?”

మొగుడూ పెళ్ళాలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“చెప్పకూడదన్నారు,” అని నసిగాడు కోహెయ్. “పెద్దమనిషి. అసలు ఆలోచనే ఆయనది. ‘ఇవాళ గురువుగారి పుట్టినరోజు కదా, ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు అన్నిటికీ సానపట్టి పెడదాం. నేనూ కూర్చుంటాను, ఆ చిన్నది నాకివ్వండి’ అన్నారు. రెండు గంటలూ ఆ ఒక్కదాన్నే రుద్దారు.”

“రుద్దడమా అది! కుండలు తోమినట్టు తోమారు!” అంది తామయె. “చివర్లో ‘మీరు వెళ్ళండి, నేను సర్దుతాను’ అని మమ్మల్ని పంపించేశారు. మెరుగురాయి నేను తుడిచి గుడ్డ చుట్టి అలమరలో పెట్టానండీ. మా అమ్మ మీద ఒట్టు.”

“ఎవరతను?” అన్నాడు తాత. ఆయన గొంతు ఎప్పుడూ అంత చిన్నగా వినలేదు నేను.

“హిరుకావ గారు.”

టీ దుకాణం హిరుకావ. ఉత్సవ సంఘం అధ్యక్షుడు. ఎనిమిదింటి సమావేశంలో తాతని తప్పించే కాగితం చదవబోయేవాడు ఆయనే. మూడేళ్ళ కిందట వడ్రంగం నేర్పమని తాత కాళ్ళావేళ్ళా పడ్డాడు. “నీవి టీ పొట్లాలు కట్టే చేతులు, అవే కట్టుకో” అని తాత పంపించేశాడు. అప్పటి నుంచీ ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుంటున్నాడు. వాళ్ళావిడ ఆయన చేసిన బీరువా తలుపు ఇప్పటికీ తీయలేక బట్టలు బయటే మడిచి పెట్టుకుంటోంది.

“పెద్దమనిషి మీద అభాండం వేయడానికి రాయి పగిలిందంటే సరిపోదు మేడమ్,” అన్నాడు సార్జెంటు. “నొక్కు అరిగిపోయింది. చీల మీద గట్టు ఈ చిత్రికదే అని ఎలా రుజువు చేస్తారు?”

అడిగాడు కదా. అడగాల్సిందే అడిగాడు, ఒప్పుకుంటాను. నేను తాత వైపు తిరిగాను. “చెక్కపొరలు ఎక్కడ వేస్తారు తాతా?”

“తలుపు వెనక గోనెసంచిలో. సంచి నిండాక స్నానశాల పొయ్యిలోకి పంపిస్తాను. పొర ఒక్కటి కూడా పారేయను.”

హిరుకావ కూడా పారేయలేదు. ఎంత దొంగబుద్ధి పుట్టినా మా ఊరివాడు ఊడ్చిన చెక్కపొరని ఆ సంచిలోనే వేస్తాడు, చెయ్యి దానంతటదే అటు పోతుంది. సంచి బోర్లించాను. అడుగున ఉన్నవి పాత దేవదారు పొరలు, రంగు మారి పెళుసెక్కాయి. పైన దోసెడు కొత్త పొరలు, పొట్టివి, బిరుసైనవి. ఓకు చెక్క. కడచీలలు తప్ప తాత ఇంట్లో ఓకు లేదు. ఒక పొర విప్పి వెలుతురుకి పట్టాను. మధ్యలో పొడుగునా సన్నటి చీలిక. నొక్కు ఉన్నచోట కత్తి కొయ్యదు కదా, చెక్క మీద గట్టు మిగిలితే పొరలో చీలిక పడుతుంది. సార్జెంటు ఫోటో పక్కన పెట్టి కొలబద్ద ఆనించాడు. మూడుసార్లు కొలిచాడు. నాలుగోసారి కొలవకుండా టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు.

“మరి ఎందుకు చేశాడంటారు? కక్షా?”

“కక్ష కాదయ్యా, తెలివితక్కువతనం,” అన్నాడు తాత. ఆయనకి అప్పుడు అంతా అర్థమైనట్టుంది. కూర్చుండిపోయాడు. “ఈ చీలలు చెయ్యి బాగున్నప్పుడు చెక్కి దాచినవి. చీలని నేను కావాలనే వెంట్రుకవాసి లావుగా చెక్కుతాను. దిగ్గొట్టే ముందు సుత్తితో నాలుగు పక్కలా కొట్టి చెక్కని నొక్కేయాలి. అప్పుడు దూరుతుంది. దూరాక నీళ్ళు పోస్తే ఉబ్బి, చచ్చినా ఊడదు. నిన్న తెల్లారి చీలలు తెమ్మని హిరుకావనే పంపాను. ఇక్కడున్న కొలత చెక్క బెజ్జంలో పెట్టి చూసుంటాడు. దూరలేదు. ముసలాడికి కళ్ళు పోయాయి, లావుగా చెక్కాడు అనుకున్నాడు. నాకు మాట రాకుండా తనే సవరిద్దామనుకున్నాడు.”

“సుత్తితో కొట్టాల్సినదానికి చిత్రిక పట్టాడు, గుడ్డ చుట్టాల్సినదాన్ని నీళ్ళలో ముంచాడు,” అంది తామయె. “వీడియోల చదువు!”

“రథం ఒరిగేసరికి భయం పట్టుకుంది,” అన్నాను. “సార్జెంటు చిత్రికలు పోగుచేస్తున్నాడని విన్నాక ఇంకా భయం. నోరు విప్పి తప్పయిందంటే పోయేదానికి ఇన్ని వేషాలు.”

“తప్పు నాది కూడా ఉందమ్మా.” తాత కుడి మణికట్టు పట్టుకుని దాన్నే చూస్తున్నాడు. “ముప్ఫై ఏళ్ళూ చీలలు నా చేత్తోనే దిగ్గొట్టాను. నిన్న ఈ చెయ్యి లేవలేదు. లేవలేదని చెప్పుకోలేక పక్కన నిలబడి కుర్రాళ్ళ చేత కొట్టించాను. నేను కొట్టుంటే మొదటి దెబ్బకే చప్పుడు తేడా తెలిసిపోయేది.”

ఆ మాటకి కోహెయ్ భోరుమన్నాడు. అంత పెద్ద పొట్టతో ఏడిస్తే గది అదురుతుంది. నేను సార్జెంటుని కసిరాను. “ఏం చూస్తున్నావు? పొరలు సంచిలో వేసుకో, ఇప్పుడు కదా నీ సంచికి పని!”

అతను బుద్ధిగా వంగి ఒక్కొక్క పొరా ఏరుతున్నాడు. ఎనిమిదింటికి సమావేశంలో ఈ సంచి బల్ల మీద పెడితే చాలు, తాత రథం తాతకే ఉంటుంది. ఆ ధైర్యంతో జిగురన్నం గిన్నె మూత తీశాను.

“మేడమ్, ఈ పొర మీద సిరా ఉంది,” అన్నాడు సార్జెంటు.

“నేను పెట్టే గుర్తు,” అన్నాడు తాత. “ఏ చీల ఏ చక్రానిదో తెలియాలని నెత్తి కింద చుట్టూ గీతలు గీస్తాను. మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు. ఊడింది మూడోది కాబట్టి మూడు గీతలుంటాయి.”

“దీని మీద మూడున్నాయి.” సార్జెంటు ఇంకో పొర విప్పాడు. “దీని మీద కూడా... కాదు, దీని మీద రెండే ఉన్నాయి.”

నా చేతిలో మూత అలాగే ఉండిపోయింది. గిన్నె పక్కన పెట్టి నేనూ కింద కూర్చున్నాను. ఇద్దరం కలిసి పొరలు విప్పాం. ఒక గీత ఉన్నది ఒకటి దొరికింది. కాసేపటికి నాలుగు గీతలున్నది కూడా దొరికింది.

కొలత చెక్కలో మూడో చీల ఒక్కటే ఎందుకు దూరకుండా ఉంటుంది? నాలుగూ దూరి ఉండవు. నాలుగింటికీ చిత్రిక పట్టాడు.

“రాత్రి ఎన్ని మార్చారు?” అన్నాను.

“ఊడినదొక్కటే,” అన్నాడు కోహెయ్. అతని ఏడుపు ఆగిపోయింది. “కొత్తది నేనే చెక్కిచ్చాను. మిగతా మూడూ బాగానే ఉన్నాయని హిరుకావ గారు... నన్ను చూడనివ్వలేదు.”

“సాయంత్రం ఊరేగింపు ఎన్నింటికి?”

“అయిదున్నరకి. ఇవాళ గుడి నుంచి ఏటికి, దిగుడుదారి.”

గడియారం చూశాను. అయిదూ ఇరవై తొమ్మిది. సరిగ్గా అప్పుడే గుడి వైపు నుంచి డోలు మోగింది. మొదటి మోత అంటే తాళ్ళు భుజాలకెత్తుకున్నారని అర్థం.

నేను లేచేసరికి తాత పీట మీద లేడు. గోడనున్న పెద్ద కొయ్యసుత్తి లేదు. స్నానం బట్టల్లోనే, ఉత్త కాళ్ళతో, నిన్న లేవని ఆ కుడిచేత్తోనే సుత్తి ఎత్తుకుని సందు మలుపు తిరిగిపోతున్నాడు. వెనకే కోహెయ్, ఆ వెనక తామయె.

“ఏం నాయనా, నిలబడిపోయావు? ఈల ఊదు! పరిగెత్తు!” అని అరిచాను.

సార్జెంటు ఈల నోటి దాకా తెచ్చాడు గానీ ఊదలేకపోయాడు. చెక్కపొరల సంచి చేతిలోంచి జారి నేల మీద పడింది. 

“మేడమ్,” అన్నాడు. “రథం మీద ఆ డోలు కొడుతున్నది మా పాప చిజురు. ఏడేళ్ళది.”